ప్లంబర్ల మీద గెలిచాడట!



ఈసారి సియాసత్ రాయడం లేదు. బాస్కెట్‌బాల్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. పోయిన ఆదివారం మా ఇంట్లో దస్తర్‌ఖాన్ మీద మొదలైన బహస్ ఇంకా నా తలలోంచి పోలేదు. మీ పిల్లల ఫోన్లలో కూడా ఇదే బహస్ నడుస్తూ ఉంటుందని నాకు యఖీన్.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, మా భాంజా ఇంజనీరింగ్. ఇద్దరికీ అమెరికా ఎన్‌బీఏ పిచ్చి. ఆల్‌టైమ్ గ్రేట్ పాయింట్ గార్డ్ ఎవరు అని మొదలుపెట్టారు. పాయింట్ గార్డ్ అంటే తెలియని అమ్మీలకు ఒక్క ముక్కలో చెప్తాను. దావత్‌లో వడ్డించే పెద్దమనిషి ఉంటాడు చూడండి. తను తినడం తర్వాత సంగతి, ఎవరి ప్లేట్లో ఏం తక్కువైందో చూసుకుంటూ తిరుగుతుంటాడు. కోర్టులో ఆ పని చేసేవాడే పాయింట్ గార్డ్. బంతి తెస్తాడు, ఎవరికి ఎప్పుడు అందాలో చూస్తాడు, టీమును నడిపిస్తాడు.

మా అబ్బాయి ఎక్కడో చదివి బాబ్ కౌజీ పేరెత్తాడు. భాంజా పకపకా నవ్వాడు. "కౌజీనా? ఆ జమానాలో అతన్ని గార్డ్ చేసింది ప్లంబర్లురా!" అన్నాడు.

పక్కన తఖ్త్ మీద మా అబ్బా కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్ళు నిజామాబాద్‌లో నల్లా పైపుల పని చేసిన మనిషి. బహస్ అంతా ఆయనకు పట్టలేదు గానీ, ఆ ఒక్క లఫ్జ్ పట్టింది. "క్యా బోల్‌రా బేటా, ప్లంబర్ కు?" అన్నారు. మా భాంజా మొహం చూడాలి మీరు. "మీ గురించి కాదు నానా, అమెరికా ప్లంబర్ల గురించి" అన్నాడు. అబ్బా ఏమీ అనలేదు. ఆయన అనలేదు కాబట్టి నేను అంటాను.

ముందుగా భాంజాకు ఇన్సాఫ్ చేస్తాను. ఆ మాట వాడి సొంతం కాదు. 2022లో ఒక అమెరికన్ టీవీ చర్చలో జెజె రెడిక్ అన్న మాట అది. రెడిక్ 15 సీజన్లు ఎన్‌బీఏలో ఆడినవాడు, తర్వాత లేకర్స్‌కు కోచ్ అయ్యాడు. క్రిస్ పాల్ గొప్పా, కౌజీ గొప్పా అన్న చర్చలో, కౌజీకి ఎదురు నిలిచింది ప్లంబర్లు, ఫైర్‌మెన్లు అన్నాడు. కౌజీకి అప్పటికి 93 ఏళ్ళు. ఆ ముక్క దునియా అంతా తిరిగి మా దస్తర్‌ఖాన్ దాకా వచ్చింది.

ఆ మాటలో కొంత నిజం ఉంది. 1950ల ఆటగాళ్ళు ఆటతో మాత్రమే బతకలేకపోయేవారు. సీజన్ అయిపోతే చాలామంది వేరే కొలువులు చేసుకునేవారు. అయితే అది ఐబ్ ఎలా అయింది? పగలంతా పని చేసి సాయంత్రం ఆడేవాడి ఆట తక్కువది అని ఎవరు ఫైసలా చేశారు? మన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టులో ఆడింది పోలీసు నౌకరీ చేసుకునేవాళ్ళే. వాళ్ళను తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ స్కూల్ టీచర్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. "కానిస్టేబుళ్ళ మీద గెలిచారులే" అని వాళ్ళ గురించి ఎవరైనా అంటే మనకు మండదా?

ఇక కౌజీ హిసాబ్ చూద్దాం. న్యూయార్క్‌లో టాక్సీ నడిపే బాప్‌కు పుట్టినవాడు. బోస్టన్ సెల్టిక్స్‌కు ఆడి 6 టైటిళ్ళు గెలిచాడు. 1953 నుంచి 1960 దాకా వరుసగా 8 సీజన్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ అసిస్టులు ఆయనవే. 1957లో ఎంవీపీ. కుర్రాళ్ళు ఎత్తిచూపేది ఒక్కటే, ఆయన షూటింగ్ 37.5 శాతమేనని. సరే. ఆయన ఎంవీపీ అయిన సీజన్లో మొత్తం లీగ్ సగటే 38 శాతం దగ్గర ఉంది. అంటే అందరూ అంతే. బంతి వేరు, హాళ్ళు వేరు, బూట్లు వేరు, రూల్సు వేరు. డ్రిబుల్ చేసేటప్పుడు బంతి పక్కకో కిందకో చెయ్యి జారితే విజిల్. ఇప్పటి గార్డులు చేసే క్రాసోవర్లలో సగం ఆనాడు వయొలేషన్ కింద పోయేవి. మూడు పాయింట్ల గీత లేనే లేదు. 24 సెకన్ల గడియారం కూడా 1954లో గానీ రాలేదు. అంతకుముందు గెలుస్తున్న టీము బంతి పట్టుకుని కాలక్షేపం చేసేది. 1950లో ఒక మ్యాచ్ 19-18తో ముగిసింది. ఆ ఆటలో కౌజీ వీపు వెనక నుంచి డ్రిబుల్ చేసి, చూడకుండా పాస్ ఇచ్చి, జనాన్ని హాలుకు రప్పించాడు.

స్టీల్స్ లెక్కలో కౌజీ పేరు ఎదురుగా ఏముందో తెలుసా? ఏమీ లేదు. ఎందుకంటే ఎన్‌బీఏ స్టీల్స్ రాయడం మొదలుపెట్టింది 1973-74లో. కౌజీ జిందగీలో ఒక్క బంతి కూడా లాగలేదని అనుకుందామా? లెక్క రాయనివాడి తప్పును ఆడినవాడి ఖాతాలో వేయడం ఏం ఇన్సాఫ్?

నేను ఇదంతా చెప్తుంటే అబ్బా తన పని సంగతి ఎత్తారు. ఆయన జమానాలో జీఐ పైపు. డై పెట్టి చేత్తో తిప్పి మర కోయాలి, జనపనార చుట్టాలి, సఫేదా పూయాలి, రెంచీతో బిగించాలి. ఇప్పుడు ప్లాస్టిక్ పైపు. కోసి, సొల్యూషన్ పూసి, నొక్కితే జాయింటు అయిపోయింది. "ఈ కాలం పిల్లగాడు రోజుకు నాకన్నా నాలుగు రెట్లు జాయింట్లు వేస్తడు. వాని పని చెడ్డది కాదు. కానీ నేను సుస్తు కాదు" అన్నారు. నేను గంటసేపు చెప్పినదాన్ని ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశారు.

మీలో కొందరు అడుగుతారు, "ఇప్పటి ఆటగాళ్ళు నిజంగానే బెహతర్ కదా, ఒప్పుకోవడానికి ఏం?" ఒప్పుకుంటాను. ఇప్పటి గార్డు బలంలో, వేగంలో, షూటింగ్‌లో పాతవాళ్ళకన్నా బెహతరే. 1957లో ఉన్నవి 8 టీములు, ఇప్పుడు 30. ఆనాడు ఆడింది దాదాపు అమెరికన్లే, ఇప్పుడు దునియా అంతా వచ్చి ఆడుతోంది. ఇంకొకటి కూడా దాచను. నల్లజాతి ఆటగాళ్ళకు ఎన్‌బీఏ తలుపు తెరిచింది 1950లో, అదీ కొంచెం కొంచెంగా. కాబట్టి కౌజీ ఎదుర్కొన్న పోటీ ఇరుకైనదే. కానీ ఆ తలుపు మూసింది కౌజీ కాదు. సెల్టిక్స్ తీసుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు చక్ కూపర్‌కు నార్త్ కరోలినాలో హోటల్ గది ఇవ్వకపోతే, కౌజీ తన గది వదిలి, అతనితో పాటు రాత్రి రైలెక్కాడు. 1954లో ఆటగాళ్ళ యూనియన్ పెట్టిందీ ఆయనే. బెహతర్ వేరు, అజీమ్ వేరు. బెహతర్ అనేది జమానాతో పెరుగుతూ పోతుంది. అజ్మత్‌ను మాత్రం ఆ మనిషి నిలబడ్డ నేల మీదే కొలవాలి.

ఆస్కార్ రాబర్ట్‌సన్ దగ్గరికి వద్దాం. 1961-62లో సిన్సినాటి రాయల్స్‌కు ఆడుతూ సీజన్ మొత్తానికి సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు. మూడింట్లోనూ పది దాటిన సగటు. మళ్ళీ ఇంకొకడు ఆ పని చేయడానికి 55 ఏళ్ళు పట్టింది, 2016-17లో రసెల్ వెస్ట్‌బ్రూక్ చేశాడు. దీనికి కుర్రాళ్ళ దగ్గర జవాబ్ రెడీ: "ఆ రోజుల్లో ఆట స్పీడు ఎక్కువ, ఒక్కో టీము మ్యాచ్‌కు వందకు పైగా షాట్లు వేసేది, రీబౌండ్లు వానలా కురిసేవి." నిజమే. స్పీడు చూసి అంకెలు కోయండి, నాకు అభ్యంతరం లేదు. మరి అదే కత్తి ఇటువైపు కూడా తిప్పాలి కదా? 1979-80లో మూడు పాయింట్ల గీత వచ్చింది. 2004-05 నుంచి గార్డుల మీద చెయ్యి వేసి ఆపడాన్ని గట్టిగా అడ్డుకున్నారు. సరిగ్గా ఆ సీజన్లో, ఆ తర్వాతి సీజన్లో స్టీవ్ నాష్ ఎంవీపీ అయ్యాడు. నాష్ హునర్‌ను నేను తక్కువ చేయను. కానీ ఆస్కార్ అంకెల్ని కోసే చెయ్యి నాష్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది?

తీసుకునేటప్పుడు ఒక తూకం, ఇచ్చేటప్పుడు ఒక తూకం వాడేవాళ్ళ గురించి ఖురాన్‌లో ఒక సూరానే ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. బజారులో బియ్యం తూచేవాడికే కాదు, మనుషుల్ని తూచే మనకు కూడా అది హెచ్చరికే అని నేను అనుకుంటాను.

ఇక మ్యాజిక్ జాన్సన్, జాన్ స్టాక్టన్. ఈ ఇద్దరి మీద బహస్ మొదలైతే తెల్లారుతుంది. మ్యాజిక్ సగటు మ్యాచ్‌కు 11.2 అసిస్టులు, చరిత్రలో అందరికన్నా ఎక్కువ. స్టాక్టన్ మొత్తం 15,806 అసిస్టులు, 3,265 స్టీల్స్, ఇవీ చరిత్రలో అందరికన్నా ఎక్కువే. సగటు చూస్తే ఒకడు, మొత్తం చూస్తే ఒకడు. మ్యాజిక్ పుట్టుకతో 6 అడుగుల 9 అంగుళాల గార్డు, పక్కన కరీం అబ్దుల్ జబ్బార్. 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కు కరీం మడమ గాయంతో రాలేకపోతే, మొదటి ఏడాది కుర్రాడు మ్యాజిక్ సెంటర్ స్థానంలో మొదలుపెట్టి 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులతో టైటిల్ తెచ్చాడు. 1991 నవంబర్‌లో హెచ్‌ఐవీ వల్ల ఆట మానుకున్నప్పుడు ఆయనకు 32 ఏళ్ళు. స్టాక్టన్ యూటా జాజ్‌లోనే 19 సీజన్లు ఆడాడు, అన్నేళ్ళలో తప్పిన మ్యాచులు 22 మాత్రమే.

"స్టాక్టన్‌కు ఒక్క ఉంగరం కూడా లేదు" అంటాడు మా భాంజా. టైటిల్ గెలిస్తే ఉంగరం ఇస్తారు అక్కడ. స్టాక్టన్ ఫైనల్స్ ఆడింది రెండుసార్లు, 1997, 1998. రెండుసార్లూ ఎదురు నిలిచింది మైకేల్ జోర్డాన్ ఉన్న షికాగో. ఉంగరం టీముకు వచ్చేది. నాష్‌కు లేదు, క్రిస్ పాల్‌కు లేదు. వీళ్ళ కోసం ఆ నియమం మెత్తబడుతుంది, స్టాక్టన్‌కు మాత్రం గట్టిపడుతుంది. కౌజీకి 6 ఉన్నాయి కదరా అంటే, "ప్లంబర్లు" అంటాడు. ఉంగరం లేకపోతే లేదని తప్పు, ఉంటే తేలిగ్గా వచ్చిందని తప్పు. ఇది తూకం కాదు, ముందే రాసిపెట్టుకున్న ఫైసలా.

స్టీఫెన్ కరీ అంటే నాకూ ఇష్టమే. 4 టైటిళ్ళు, 2 ఎంవీపీలు, అందులో 2016లోది ఒక్క ఓటు కూడా తప్పకుండా ఏకగ్రీవంగా వచ్చింది. ఆ సీజన్లో 402 త్రీలు వేశాడు. మిగతావాళ్ళందరి ఆటనూ మార్చేశాడు. కానీ కుర్రాళ్ళ ఖయాలీ టైమ్ మెషీన్ ఎప్పుడూ ఒకే దిక్కుకు నడుస్తుంది. కౌజీని ఆనాటి బూట్లతో, ఆనాటి తిండితో, ఆనాటి శిక్షణతో తెచ్చి ఈనాటి కోర్టులో నిలబెడతారు. కరీని 1957కు పంపేటప్పుడు మాత్రం అతని డాక్టరు, ట్రైనరు, ఇన్నేళ్ళ ప్రాక్టీసు అన్నీ మూటగట్టి పంపుతారు. నిజంగా పంపాలంటే ఉత్త చేతులతో పంపండి. అంత దూరం నుంచి వేసినా రెండు పాయింట్లే వచ్చే ఆటలో ఏ కోచ్ అతన్ని అలా షాట్ వేయనిస్తాడు? అలాగే కౌజీని 1988లో పుట్టించి, కరీకి దొరికినవన్నీ ఇచ్చి చూడండి. అప్పుడు మాట్లాడదాం.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సంగతి. ఈ లిస్టుల్లో ఎక్కడా కనిపించని ఒక పాయింట్ గార్డ్ పేరు మహమూద్ అబ్దుల్ రవూఫ్. మిసిసిపీలోని గల్ఫ్‌పోర్ట్‌లో క్రిస్ జాక్సన్‌గా పుట్టాడు. బీద ఇల్లు. టురెట్ సిండ్రోమ్ అనే నరాల జబ్బు, ఒంట్లో ఒక కదలిక సరిగ్గా కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చేయమని వేధించే జబ్బు. దాన్నే ప్రాక్టీసుగా మార్చుకున్నాడు. 1990లో డెన్వర్ అతన్ని మూడో ఎంపికగా తీసుకుంది. 1991లో ఇస్లాం స్వీకరించాడు, 1993లో పేరు మార్చుకున్నాడు. 1993-94లో 229 ఫ్రీ త్రోలలో తప్పినవి 10. 1995 డిసెంబర్‌లో స్టాక్టన్ ఉన్న యూటా మీద 51 పాయింట్లు. ఆ సీజన్లో 72 మ్యాచులు గెలిచి 10 మాత్రమే ఓడిన షికాగోను డెన్వర్ ఓడించిన రోజున 32 పాయింట్లు, 9 అసిస్టులు.

1996 మార్చిలో, జాతీయ గీతం సమయంలో నిలబడటం తన జమీర్ ఒప్పుకోదన్నందుకు లీగ్ సస్పెండ్ చేసింది. ఒక మ్యాచ్ పోయింది. తర్వాత ఇరువైపులా ఒప్పందం కుదిరింది. నిలబడతాడు, తల వంచి దువా చేసుకుంటాడు. ఆ వేసవిలోనే డెన్వర్ అతన్ని శాక్రమెంటోకు పంపేసింది, మ్యాచ్‌కు 19.2 పాయింట్లు, 6.8 అసిస్టులు చేసిన సీజన్ అయిపోగానే. రెండేళ్ళకు అక్కడా చోటు లేదు. టర్కీ వెళ్ళాడు, 2000-01లో వాంకూవర్‌లో ఒక సీజన్, ఆ తర్వాత ఎన్‌బీఏ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. జపాన్‌లో నలభై దాటాక కూడా ఆడాడు. అతని నిర్ణయం సరైనదా కాదా అని మనలో మనకే ఇఖ్తిలాఫ్ ఉండొచ్చు. ఆనాటి ముస్లిం ఆటగాళ్ళు కూడా అందరూ అతనితో ఏకీభవించలేదు. కానీ గార్డు ఆట ముదిరే వయసులో, 27 ఏళ్ళ నుంచి, అతని దగ్గర్నుంచి పోయిన సీజన్లను ఏ లెక్కలో రాశారు?

2016లో కరీ వెలిగిపోతున్నప్పుడు, ఫిల్ జాక్సన్ అనే పెద్ద కోచ్ ఈయన్ని చూస్తే అబ్దుల్ రవూఫ్ గుర్తు రాలేదా అని అడిగాడు. నెట్‌లో అతన్ని వెక్కిరించారు, అంకెలు ఎక్కడున్నాయని. అంకెలు పెరగకుండా తలుపు మూసి, తర్వాత అంకెలు చూపించమనడం ఎంత తేలిక! అబ్దుల్ రవూఫ్ మ్యాజిక్‌కన్నా గొప్పవాడని నేను అనడం లేదు. మనవాడు కాబట్టి లిస్టులో రాయండని సిఫారిష్ కూడా చేయడం లేదు. అతను వడ్డించేవాడికన్నా ఎక్కువ షూటరే. నేను అడిగేది ఒక్కటే. మనిషి ఆడకపోవడం వేరు, ఆడనివ్వకపోవడం వేరు. రెండింటికీ రికార్డు పుస్తకంలో ఒకే ఖాళీ కనిపిస్తుంది.

మరి ఎలా కొలవాలి అంటారా? నా దగ్గర మూడు సవాళ్ళు ఉన్నాయి. ఒకటి, అతనికి దొరికింది ఏమిటి: రూల్సు, టీము, ఒళ్ళు, హక్కులు? రెండు, అదే దొరికిన తన సమకాలికుల్లో అతను ఎంత ముందున్నాడు? మూడు, తన తర్వాత వచ్చేవాళ్ళకు ఏం వదిలి వెళ్ళాడు?

ఈ మూడూ పెట్టి చూస్తే నా ఓటు ఆస్కార్ రాబర్ట్‌సన్‌కు. ఇండియానాపోలిస్‌లో నల్లజాతి పిల్లల కోసం వేరుగా పెట్టిన క్రిస్పస్ అటక్స్ స్కూల్లో చదివి, 1955, 1956లో ఆ స్కూలుకు రాష్ట్ర టైటిల్ తెచ్చాడు. 1955లో గెలిచిన పిల్లల ఊరేగింపును ఊరి నడిబొడ్డున ఆగనివ్వకుండా నల్లజాతి పేట పార్కుకు మళ్ళించారు. ఆ కుర్రాడే తర్వాత ఆటగాళ్ళ యూనియన్‌కు అధ్యక్షుడై, 1970లో లీగ్ మీద కోర్టుకెక్కాడు. 1976లో రాజీ కుదిరింది. జీతగాడిలా ఒకే టీముకు కట్టుబడి ఉండే పద్ధతి సడలి, ఆటగాడు తన ఇష్టప్రకారం టీము ఎంచుకునే దారి తెరుచుకుంది. అప్పటికి ఆస్కార్ ఆట మానేసి రెండేళ్ళు. ఆ ఫాయిదా ఆటగాడిగా ఆయనకు అందలేదు. ఈనాటి గార్డుల కోట్ల డాలర్ల కాంట్రాక్టుల కింద ఆయన మెహనత్ ఉంది. అసిస్ట్ అంటే అర్థమే అది కదా? దాన్ని ఏ కాలమ్‌లో రాశారు?

మీ ఓటు మ్యాజిక్‌కో కరీకో అయితే నాకు షికాయత్ లేదు. తరాజు మాత్రం అందరికీ ఒకటే పెట్టండి.

మా భాంజా ఇప్పటికీ కరీ పార్టీయే. కాకపోతే ఆ రోజు వెళ్ళే ముందు నానా పక్కన కూర్చుని, పైపుకు మర ఎలా కోస్తారని అడిగాడు. అబ్బా అటక మీద నుంచి పాత డై దింపించారు. వాడు రెండు చుట్లు తిప్పేసరికి చెమట పట్టింది. "షాట్ క్లాక్ పెట్టనా మియా?" అన్నాను నేను. అబ్బాకు అర్థం కాలేదు, మా అబ్బాయి మాత్రం నవ్వాడు.

మీ ఇళ్ళలో కూడా పిల్లలు లిస్టులు వేస్తుంటే ఫోన్ లాక్కోకండి. కూర్చుని అడగండి, "ఎవరి తరాజుతో తూచావు బేటా?" అని.

ఖుదా హాఫిజ్.